దక్షిణం చూసిన పలక

హైదరాబాదు వీధుల్లో పడవల మీద జనాన్ని దాటించిన ఏడాది అది. ఆ వరదను సిడ్నీ టీవీలో అర నిమిషం చూపించి మళ్ళీ ఒలింపిక్స్ కబుర్లలో పడ్డారు. నీళ్ళు మూడో మెట్టు దగ్గర ఆగాయని వాళ్ళన్న హైదరాబాదు నుంచి ఫోన్ చేసి చెప్పాక గాని, సిడ్నీ శివారు క్వేకర్స్ హిల్‌లో ఫుర్కాన్ ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. ఆ మర్నాడు, శనివారం పొద్దున, ఫుర్కాన్ వాళ్ళ టీమ్ లీడ్ జనార్దనరావు కెల్లీవిల్ నుంచి కారేసుకొచ్చాడు.

"అంకుల్, ఒకసారి మన కారవాన్ చూడాలి. లైట్లు వెలగట్లేదు. పంపూ తిరగట్లేదు."

అంకుల్ అంటే నిస్సార్ అహ్మద్, ఫుర్కాన్‌కు పిల్లనిచ్చిన మామ. కావలిలో ట్రంకు రోడ్డు మీద నలభై ఏళ్ళు బ్యాటరీల పని చేసిన మనిషి. చదువు మూడో తరగతితో సరి. మాటలు అంతకన్నా తక్కువ. మే నెలలో కూతురు తస్నీమ్ దగ్గరికి వస్తూ వస్తూ, బ్యాటరీలో గ్రావిటీ చూసే గాజు గొట్టాన్ని లుంగీలో చుట్టి పెట్టెలో పెట్టుకున్నాడు. "అదెందుకు నాయనా అక్కడ?" అని కూతురు ఫోన్లో నవ్వితే, "ఉండనియ్యి," అన్నాడు, అంతే.

ఆ గొట్టం జేబులో వేసుకుని కారెక్కాడు. వెనక సీట్లో ఫుర్కాన్.

రివర్‌స్టోన్ దాటాక ఇనపకంచె కట్టిన పెద్ద దొడ్డి. ఇంటి దగ్గర చోటు లేనివాళ్ళు తమ కారవాన్లనీ పడవలనీ అద్దె కట్టి అక్కడ నిలుపుకుంటారు. కారవాన్ అంటే కారు వెనక తగిలించుకుని పొయ్యే బుల్లి ఇల్లు. మంచం, పొయ్యి, సింకు, అన్నీ దాంట్లోనే. వరసలు వరసలుగా ఆ ఇళ్ళు కిటికీలు మూసుకుని నిలబడి ఉన్నాయి. దొడ్డిలో కరెంటు ప్లగ్గులు లేవు. అందుకే జూన్‌లో జనార్దనరావు ఒక సోలారు పలక కొన్నాడు. దాన్ని బండి ముందరి ఇనపచట్రానికి స్టాండు మీద బిగించి, తీగలు లాగి, రెగ్యులేటరు పెట్టి బ్యాటరీకి కలిపింది నిస్సార్ అహ్మదే. బండి ఎన్నాళ్ళు నిలబడినా బ్యాటరీ చావకుండా ఎండే చూసుకుంటుందని.

ఇప్పుడు బ్యాటరీ పెట్టె మూత తీసి, ఆరు సెల్లుల బిరడాలూ విప్పి వరసగా గుడ్డమీద పెట్టాడు. గొట్టం మొదటి సెల్లులో ముంచి రబ్బరు బుడ్డి వదిలాడు. లోపలి తేలుడు బుడ్డి పైకి లేవకుండా అడుగునే కూర్చుంది. రెండో సెల్లూ అంతే. ఆరూ చూశాడు. పదకొండు వందల ఇరవై. నిండు బ్యాటరీ అయితే పన్నెండు అరవై చూపించాలి. గొట్టం చివర చుక్క నేలమీద పడకుండా మళ్ళీ సెల్లులోకే విదిలించాడు.

"ఏమైంది అంకుల్?"

"తాగేసింది," అన్నాడు నిస్సార్ అహ్మద్.

చార్జింగు ఎటో దిగిపోతే బ్యాటరీ షాపుల్లో రోజూ అనే మాట అది. తీగ రాపిడైనా తాగుతుంది, తడి పట్టిన స్విచ్చైనా తాగుతుంది, సెల్లులో పాడైన ప్లేటైనా తాగుతుంది. ఏది తాగిందో వెతకడమే పని. ఆ మాట అంటూనే అతను వంగి తీగల మొదళ్ళు చూస్తున్నాడు.

"ఎవరో వాడేశారన్నమాట," అన్నాడు జనార్దనరావు.

నిస్సార్ అహ్మద్ నోట్లో బిరడా పట్టుకుని ఉన్నాడు. బిరడా తీసి, కాదని చెప్పి ఉండవచ్చు. తర్వాత మూడు రోజులూ ఆ బిరడా రుచి అతని నాలుకమీద అట్లాగే ఉండిపోయింది.

జనార్దనరావు బండిచుట్టూ తిరిగి చక్రం పక్కన ఒక కప్పు చూశాడు. పింగాణీ ఊడిన టీ కప్పు. "అదిగో. చూశావా ఫుర్కాన్? మెట్టుమీద బురద కూడా ఉంది. వింటర్ అంతా మనవాడు లోపలే కాపురం. లైట్లు, టీవీ, హాయిగా."

"ఫ్రీ రిసార్ట్," అన్నాడు ఫుర్కాన్, పై అధికారి నవ్వేదాకా ఆగి తనూ నవ్వాడు.

మనవాడు అంటే దొడ్డి కాపలా చూసే రామానుజం. యాభై దాటిన మనిషి. తాత నెల్లూరు వైపు నుంచి ఫీజీ చెరకు తోటలకు పోయాడు. ఇతను ఎనభై ఏడులో అక్కడి గొడవలకు ఆ దేశం వదిలి ఇక్కడికి వచ్చాడు. గేటు పక్కన ఒక పాత కారవాన్‌లో పెళ్ళాంతో కలిసి ఉంటాడు. ఆ ఇల్లు ఉద్యోగంతో పాటు వచ్చిందే.

మేనేజర్ గ్రెగ్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. జనార్దనరావు ఇంగ్లీషులో చెప్పుకుపోయాడు. నిస్సార్ అహ్మద్‌కు అందులో నాలుగైదు ముక్కలు చిక్కాయి. మై ఎలక్ట్రీషియన్. ఫార్టీ ఇయర్స్. సంబడీ. ఆ సంబడీ దగ్గర జనార్దనరావు వేలు గేటువైపు పోయింది. రామానుజం అక్కడే నిలబడి ఉన్నాడు, భుజంమీద తుడిచే గుడ్డతో. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"లోపలికి నేను పోలేదు సార్," అన్నాడు తెలుగులో జనార్దనరావుతో. అదే మాట ఇంగ్లీషులో గ్రెగ్‌తో అన్నాడు. రెండు భాషల్లోనూ ఒక్కసారే అన్నాడు.

గ్రెగ్ కప్పు కేసి చూశాడు, బురద కేసి చూశాడు. ఈ నెలలో ఇది రెండో కంప్లెయింటని ఏదో అన్నాడు. ఫ్రైడే అన్నాడు. ఆ ఒక్క మాట నిస్సార్ అహ్మద్‌కు బాగా తెలుసు. మిగతాది ఫుర్కాన్ తెలుగులో చెప్పాడు: శుక్రవారానికి రామానుజానికి ఉద్యోగం లేదు, ఇల్లూ లేదు. ఆరు సెల్లులకు బిరడాలు బిగించేటంత సేపు కూడా పట్టలేదు ఆ తీర్పుకు.

తిరుగు దారిలో బ్యాటరీని కాళ్ళ సందున పట్టుకుని కూర్చున్నాడు.

"ఇండియా అయినా ఇక్కడైనా వాచ్‌మన్ వాచ్‌మనే అంకుల్," అన్నాడు జనార్దనరావు స్టీరింగు తిప్పుతూ. "నేను ఈవెనింగ్ హెడ్డాఫీసుకి మెయిల్ కూడా కొడతా. మీరు మాత్రం భలే పట్టేశారు. ఒక్క మాటలో తేల్చేశారు."

ఆ మెచ్చుకోలు నిస్సార్ అహ్మద్‌కు ఒంటిమీద ఆసిడ్ చుక్క పడ్డట్టు చురుక్కుమంది. అతను తేల్చలేదు. తాగేసింది అన్నాడు గాని తాగేశాడు అనలేదు. తెలుగు వచ్చినవాడికి ఆ మాత్రం తేడా తెలియదా?

గరాజులో చార్జరు పెట్టి సన్నగా చార్జింగ్ ఎక్కించాడు. ఆదివారం పొద్దున లేచి మూతలు తీస్తే సెల్లుల్లో సన్నటి బుడగలు వరసగా లేస్తున్నాయి. పదకొండు గంటలకు గ్రావిటీ పన్నెండు యాభైకి వచ్చింది. చార్జరు తీసి గంటసేపు ఊరకే ఉంచాడు. దిగలేదు. బ్యాటరీ మంచిదే.

మరి ఏది తాగింది?

గరాజులో బోర్లించిన బకెట్ మీద కూర్చుని వేళ్ళు మడిచాడు. బండిలో ఎప్పుడూ వెలిగేది ఒక్కటే, గ్యాసు లీకైతే కూతపెట్టే డబ్బా మీది ఎర్ర చుక్క. చిన్నదే, కాని రాత్రీ పగలూ వెలుగుతుంది. నెలన్నరలో నిండు బ్యాటరీని అదొక్కటే ఖాళీ చేయగలదు. అందుకే గదా పలక పెట్టింది. ఆ పలక మంచి ఎండలో అటువంటి చుక్కలు పదింటిని పోషించగలదు. రామానుజం రెండు రాత్రులు టీవీ చూశాడే అనుకుందాం. మూడో రోజు ఎండకు మళ్ళీ నిండాలి. నిండలేదు. దొంగ ఉన్నా లేకపోయినా పలక తన పని తాను చెయ్యాలి గదా. చెయ్యలేదు.

"నాయనా, జొహర్ నమాజు టైమైనట్టుంది," అంటూ తస్నీమ్ గరాజు తలుపులోంచి తొంగిచూసింది. "గడియారం చూసుకోబాక. ఎండాకాలానికి గడియారాలు గంట ముందుకు జరుపుతారు గదా ఇక్కడ, ఒలింపిక్స్ కోసమని ఈ ఏడు ముందే జరిపినారు. ఇంట్లో సగం గడియారాలు ఒక టైము, సగం ఒక టైము. ఆయన ఏది మార్చినాడో ఏది మార్చలేదో ఆయనకే తెలవదు."

నిస్సార్ అహ్మద్ గడియారాలను నమ్మదలుచుకోలేదు. చిన్నప్పుడు వాళ్ళ నాయన చూసినట్టు నీడను బట్టి చూద్దామని చీపురుకర్ర తీసుకుని పెరట్లోకి నడిచాడు. మూడు నెలల చలికి లోపల కార్పెట్ మీదే నమాజు చేసుకున్నవాడు, ఆకాశం కింద చాప వేయడం ఈ దేశంలో అదే మొదలు. పచ్చికలో కర్ర గుచ్చి నీడ కొసన గులకరాయి పెట్టాడు. కాసేపటికి ఇంకో రాయి. నీడ కురచవుతోంది. ఇంకో రాయి. తర్వాత పొడవు తిరిగింది. పొద్దు నడిమి దాటి వాలింది.

కిబ్లా, అంటే మక్కా ఉన్న దిక్కు, ఇక్కడా పడమరే. చాప పడమటికి పరిచి నిలబడ్డాడు. రెండు చేతులూ ఎత్తి చెవుల దగ్గర పెట్టినప్పుడు కుడి చెవి కాలింది.

నమాజు మధ్యలో మనసు పక్కకు పోకూడదు. పోయింది. కావలిలో షాపు వెనక ఇదే వేళకు పడమటికి నిలబడితే ఎండ ఎడమ చెవిమీద పడేది. నడివేసవి తప్పితే నలభై ఏళ్ళు ఎడమ చెవే. ఎడమ అంటే దక్షిణం. ఇక్కడ కుడి. కుడి అంటే ఉత్తరం.

సలాం చెప్పి రెండువైపులా తల తిప్పి, లేవకుండా అట్లాగే కూర్చున్నాడు. కర్ర నీడ వంటింటి గోడవైపు, అంటే దక్షిణానికి, పడి ఉంది. గులకరాళ్ళు మూడూ ఆ పక్కనే ఉన్నాయి. ఆ రాళ్ళను పెట్టింది అతనే. అయినా ఎవరో పెట్టి వెళ్ళినట్టు చూశాడు.

రైలుగేట్ల సిగ్నళ్ళకు, రొయ్యల గుంటల కాపలా గుడిసెలకు, ఎన్ని పలకలు బిగించాడో. అన్నీ దక్షిణానికే. చేతికి వేరే దిక్కు తెలియదు. జూన్‌లో ఆ దొడ్డిలో బిగించిన రోజు తుంపర పడుతోంది. ఆకాశం బూడిద ముద్ద. ఎండా లేదు, నీడా లేదు. "దక్షిణం ఎటు?" అని అడిగాడు, ఎదురుగా ఉన్న రామానుజాన్ని. ఆ మనిషి చెయ్యెత్తి చూపించాడు. సరిగ్గానే చూపించాడు. చూపించి ఏదో అనబోయాడు కూడా.

ఏమనబోయాడు?

సోమవారం తస్నీమ్ చేత కాగితం మీద స్టేషన్ల పేర్లు తెలుగులో రాయించుకున్నాడు. రైలెక్కి రెండు స్టేషన్లు లెక్కబెట్టుకుని రివర్‌స్టోన్‌లో దిగాడు. అక్కడి నుంచి అరగంట నడక. దొడ్డి చేరేసరికి పొద్దు నడినెత్తికి వస్తోంది.

పలక దగ్గరికి పోయి ముఖం మీద అరచెయ్యి ఆనించాడు. చల్లగా ఉంది. చలికాలపు పొద్దు కిందుగా ఉంటుందని స్టాండును పైబెజ్జానికి ఎక్కించి బాగా నిలువుగా బిగించాడు జూన్‌లో. అంత జాగ్రత్త తీసుకున్నాడు. చెయ్యి వెనక్కు పోనిచ్చి పలక వీపు తాకాడు. వేడిగా ఉంది. మూడు నెలలుగా ఎండ దాని వీపు కాస్తోంది.

ఇంకొకటి కూడా చూశాడు. బండి కప్పుమీద దుమ్ము. కిటికీ అద్దాలమీద దుమ్ము. పక్క బండ్లమీద పిట్టల రెట్టలు. పలక అద్దం మాత్రం అప్పుడే కడిగిన కంచంలా ఉంది. ఒక్క మరక లేదు.

వెనక అడుగుల చప్పుడు. రామానుజం. భుజంమీద అదే గుడ్డ.

"దీన్ని ఎవరు తుడుస్తారు?"

"నేనే. సోమవారం, గురువారం. దుమ్ము పడితే పని చెయ్యదని మీరే చెప్తిరి గదా ఆ పొద్దు."

"కప్పు?"

"తుడిచినాక ఈ మెట్టుమీద కూచుని టీ తాగుతాను. తలుపు తీయను. తాళం ఆఫీసులో ఉంది, నా దగ్గర లేదు. శనివారం ఆ మాట అడగలేదు ఎవరూ."

నిస్సార్ అహ్మద్ పలక అంచు పట్టుకున్నాడు. "నేను దక్షిణం ఎటు అంటే చూపించినావు. తర్వాత ఏందో అనబోయినావు."

రామానుజం టోపీ సర్దుకున్నాడు. అతని తెలుగు నాయనమ్మల నాటిది, నెమ్మదిగా వెతుక్కుంటూ వచ్చేది. "ఇక్కడ పొద్దు ఉత్తరాన నడుస్తుంది, మా ఫీజీలోనూ అంతే, అని చెప్తిని. సగం చెప్తిని. 'నలభై ఏండ్ల నుంచి చేస్తా ఉండా, నువ్వు తీగ పట్టుకో' అంటిరి. నేను తీగ పట్టుకుంటిని."

"శనివారం చెప్పొచ్చు గదా."

"ఏమని? పెద్దమనుషులు ముగ్గురు నిలబడి దొంగ అంటుంటే, పలక తప్పు పెట్టినారు మీరు అంటే, అది ఇంకా పెద్ద తప్పు అవును."

గేటు పక్క పాత కారవాన్‌లోంచి అతని పెళ్ళాం శ్యామసుందరి దిగింది. చేతిలో పాత పేపర్లు, అందులో సగం చుట్టిన గాజు గిన్నె. నిస్సార్ అహ్మద్‌ను కిందనుంచి పైదాకా చూసింది.

"నలభై ఏండ్ల పనివాడు ఈయనేనా?"

"లోపలికి పో," అన్నాడు రామానుజం.

"పోతాను. శుక్రవారం నాటికి ఇద్దరమూ పోతాము. పదమూడేండ్లు ఈయన గేటు తీసినాడు, మూసినాడు. ఒక్క సైకిలు పోలేదు ఈ దొడ్డిలో. ఇప్పుడు దీపాలు దొంగిలించినాడంట." ఆమె గొంతు పెంచలేదు. గిన్నెను పూర్తిగా చుట్టి ఒక పెట్టెలో పెట్టింది. "దీపాల దొంగ. ఎక్కడైనా విన్నారా అన్నా?"

ఆ అన్నా అనే పిలుపు అతనికి దొంగ అన్నదానికన్నా గట్టిగా తగిలింది. "వినలేదమ్మా," అన్నాడు. స్టాండు తిప్పి పెట్టేద్దామని చేత్తో తిప్పే చెవినట్టు ఒకటి వదులు చేశాడు. మళ్ళీ బిగించేశాడు. గ్రెగ్ చూడకుండా తిప్పేస్తే తప్పు తుడిచిపెట్టుకుపోతుంది. దొంగ మాత్రం మిగులుతాడు. పలకను అట్లాగే వదిలి వెనక్కు నడిచాడు.

సాయంత్రం ఫుర్కాన్ ఆఫీసు నుంచి వచ్చి టై విప్పకముందే నిస్సార్ అహ్మద్ సంగతి చెప్పాడు. అన్ని మాటలు కలిపి నాలుగు వాక్యాలు. ఫుర్కాన్ ముందు నవ్వాడు. "అవును గదా మామా. నార్త్ కదా ఇక్కడ. ఇంజినీరింగ్ చదివినోణ్ణి, నాకూ తట్టలేదు." తర్వాత నవ్వు ఆపి, "ఇప్పుడేం చేస్తారు?" అన్నాడు.

"మీ సారుకు ఫోన్ కలుపు."

ఫుర్కాన్ కలపడానికి ఇష్టపడలేదు. మొన్నటిదాకా కంప్యూటర్లలో రెండు వేల సంవత్సరం సున్నాలు సరిచేసే వైటూకే పని అతనికి తిండి పెట్టింది. ఆ పని జనవరితో పోయింది. ఇప్పుడు కొత్త పన్నుల ప్రోగ్రాములు రాస్తున్నాడు, జనార్దనరావు కింద. కాంట్రాక్టు సెప్టెంబరు ఆఖరుదాకానే. తస్నీమ్ ఫోన్ తెచ్చి బల్లమీద పెట్టి స్పీకర్ నొక్కింది.

"ఓహ్," అన్నాడు జనార్దనరావు అంతా విని. "సో, ప్యానెల్ రాంగ్ సైడ్. ఓకే అంకుల్, నో ప్రాబ్లమ్. మీరేం ఫీలవకండి. వీకెండ్ పోయి తిప్పేద్దాం."

"ఆ మనిషి శుక్రవారం పోతాడు బాబూ. వీకెండుకు ఉండడు."

"చూడండి అంకుల్, నేను ఆల్రెడీ మెయిల్ కొట్టేశాను. మై ఎలక్ట్రీషియన్ కన్‌ఫర్మ్ చేశాడు అని రాశాను. ఇప్పుడు మళ్ళీ కాదు అంటే నేనేమవుతా? మీరేమవుతారు? అందరూ నవ్వరూ? ఇద్దరు ఇండియన్లకి సూర్యుడు ఎటుంటాడో తెలీదు అని."

"నవ్వనీండి."

"అతనికి ఇంకో జాబ్ దొరుకుతుంది అంకుల్. ఇక్కడ అదేమంత ఇష్యూ కాదు. ఆటలప్పుడు సిటీ అంతా సెక్యూరిటీ గార్డులు కావాలంటున్నారు. పైగా అతను లోపలికి వెళ్ళలేదని మనకేం గ్యారంటీ? కప్పుంది కదా."

కప్పు సంగతి, తాళం సంగతి, పలక తుడిచిన సంగతి, వరసగా చెప్పాలని నిస్సార్ అహ్మద్ నోరు తెరిచాడు. అంత పొడుగు మాట అతనికి ఎప్పుడూ అలవాటు లేదు. "బ్యాటరీకి దొంగ అక్కర్లేదు," అన్నాడు. "నేను చాలు."

అవతల కీచుమని కుర్చీ చప్పుడు. "ఫుర్కాన్, అంకుల్‌కి కొంచెం ఎక్స్‌ప్లెయిన్ చెయ్యి. రేపు ఆఫీసులో మాట్లాడదాం." ఫోన్ పెట్టేశాడు.

రేపు ఆఫీసులో అన్న మాట బల్లమీద కూర్చుంది. ఫుర్కాన్ దాన్నే చూస్తున్నాడు.

"మామా, మీరన్నది కరెక్టే. కాదనను. కాని ఒక్క నెల ఆగండి. కొత్త కాంట్రాక్టు సంతకం అయ్యాక నేనే పోయి చెప్తా, ఒట్టు. ఆ రామానుజం మనకేమవుతాడు చెప్పండి?"

"ఏమీ కాడు."

"మరి?"

"ఏమీ కానోడి ఇల్లు నా చేత్తో పీకించినావే, నువ్వూ మీ సారూ."

"నేనేం చేశాను?"

"నవ్వినావు."

తస్నీమ్ రొట్టెలు తెచ్చి పెట్టింది. ఫుర్కాన్ రెండు ముక్కలు తిని లేచిపోయాడు. నిస్సార్ అహ్మద్ తిన్నాడు, మూడు రొట్టెలూ. కోపం వచ్చినప్పుడు అతనికి ఆకలి ఎక్కువ.

"మాట్లాడడానికి అక్కడ నీకు ఇంగ్లీషు లేదే నాయనా," అన్నది కూతురు కంచం తీస్తూ.

"ఆయనకుండాది."

"ఎవరికి? రామానుజానికా? దొంగ అనిపించుకున్నోడి చేతనే సాక్ష్యం చెప్పిస్తావా?"

నిస్సార్ అహ్మద్ చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

మర్నాడు పొద్దున మొదటి రైలుకు పోయాడు. గ్రెగ్ ఆఫీసు తలుపు తీసేసరికి బయట బల్లమీద కూర్చుని ఉన్నాడు. రామానుజాన్ని పిలుచుకుని ముగ్గురూ పలక దగ్గరికి నడిచారు. గ్రెగ్ చెయ్యి పట్టుకుని పలక ముఖంమీద పెట్టాడు. తర్వాత వీపుమీద పెట్టాడు. ఎండ అప్పుడప్పుడే పైకి వస్తోంది, అయినా తేడా తెలిసింది. గ్రెగ్ పలకను చూశాడు, ఆకాశాన్ని చూశాడు, పకపకా నవ్వాడు.

నిస్సార్ అహ్మద్ తెలుగులో చెప్పాడు. రామానుజం ఇంగ్లీషులోకి తిప్పాడు. అతను చెప్పింది పొడుగ్గా ఉంది, ఇతను తిప్పింది కురచగా ఉంది. దాంట్లో నిస్సార్ అహ్మద్ పేరు ఎక్కడా వినపడలేదు.

"ఏం చెప్పినావు?"

"పలక అటు తిరిగి ఉండె, బ్యాటరీ దిగె, అని."

"పలకను అటు తిప్పింది నేను. నువ్వు చెప్తే విననిది నేను. అది చెప్పినావా?"

రామానుజం చూపు తిప్పుకున్నాడు. "వయసులో పెద్దవారు మీరు. దేనికి?"

నిస్సార్ అహ్మద్ తన గుండెమీద వేలు పొడుచుకుని, గ్రెగ్ ముఖంలోకి చూసి, తనకున్న ఇంగ్లీషంతా ఒకచోట పోగుచేశాడు. "ఐ డూ. హీ టెల్ నార్త్. ఐ నో లిజన్. హీ నో థీఫ్."

గ్రెగ్ నవ్వు ఆపి తల ఊపాడు. రామానుజం భుజం తట్టాడు. "నో వర్రీస్, మేట్," అని ఆఫీసువైపు నడిచాడు.

"ఏమన్నాడు?"

"పర్లేదంట. ఉండమంటున్నాడు. శుక్రవారం పోనక్కర్లేదు."

"ఎవరికి పర్లేదంట?"

రామానుజానికి అర్థం కాలేదు.

"మీ ఆడమనిషి మూడు రోజుల్నించి గిన్నెలు చుట్టి పెట్టెల్లో పెడతా ఉండాది. ఎవరికి పర్లేదు? ఆయనకా?" నిస్సార్ అహ్మద్ గ్రెగ్ వెనకే ఆఫీసులోకి పోయాడు. గోడమీద కొత్తగా పిన్నుతో గుచ్చిన కాగితం చూపించి, "ఇదేంది?" అన్నాడు.

"ఆ సారు పంపిన మెయిల్," అన్నాడు రామానుజం గుమ్మంలోంచి. "నా పేరు ఉంది. పై ఆఫీసుకు కూడా పోయింది. అక్కడ ఫైల్లో పెడతారు."

నిస్సార్ అహ్మద్ గ్రెగ్ ఎదురు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అది కస్టమర్లు కూర్చునే కుర్చీ. రెండు చేతులూ మోకాళ్ళమీద పెట్టుకున్నాడు.

గ్రెగ్ ఏదో అడిగాడు. కాసేపాగి మళ్ళీ అడిగాడు. పై ఆఫీసుకు ఫోన్లో చెప్తాడంట అన్నాడు రామానుజం. నిస్సార్ అహ్మద్ కదలలేదు. కాగితం మీద పోయిన పేరు ఫోన్ మాటతో తుడిచిపోదు. పడవ తీసుకుపోవడానికి ఒకాయన వచ్చి వెనక నిలబడ్డాడు. ఇంకొకామె వచ్చింది. కుర్చీ ఖాళీ కాలేదు. గోడమీది కాగితం కేసి చూస్తూ కూర్చున్నాడు. ఎక్కువ మాట్లాడి బతికినవాళ్ళు ఎక్కడో ఒకచోట ఆగిపోతారు. మాట్లాడకుండా కూర్చోవడం అతనికి నలభై ఏళ్ళ పని. బ్యాటరీ నిండేదాకా పక్కన కూర్చునేవాడు.

గ్రెగ్ ఒక పెద్ద ఊపిరి వదిలి కంప్యూటర్ ముందుకు లాక్కున్నాడు. టకటకా కొట్టాడు. కాగితం బయటికి వచ్చింది. రామానుజం చదివాడు. "కాపలాదారు తప్పు ఏమీ లేదు. పొరపాటు జరిగినది."

"ఎవరి పొరపాటంట?"

"ఎవరిదని రాయలేదు. జరిగినది, అంతే."

"దానంతట అదే జరిగిందా? రాయమను."

రామానుజం ఈసారి కురచ చెయ్యలేదు. ఉన్నదున్నట్టు అన్నాడు. గ్రెగ్ ఈ ముసలాయన్ను మొదటిసారి సరిగ్గా చూశాడు. "నేమ్?" అన్నాడు.

పేరు చెప్పాడు. గ్రెగ్ కొట్టాడు. రెండో కాగితం వచ్చింది. రామానుజం సగందాకా చదివి ఆగాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు. పలకను తప్పు దిక్కుకు బిగించినవాడు నిస్సార్ అహ్మద్. సరైన దిక్కు చెప్పినవాడు రామానుజం. అతను ఆ బండిలోనికి పోలేదు.

వెనక నిలబడ్డ పడవాయన టోపీ తీసి విసురుకుంటున్నాడు. నిస్సార్ అహ్మద్ తొందరపడలేదు. బల్లమీది పెన్ను తీసుకున్నాడు. తన పేరును కాగితం మీద రాయాల్సిన అవసరం అతనికి ఏడాదికి ఒకసారి కూడా రాదు. నాలుక కొస పళ్ళమధ్య పెట్టుకుని, అడుగున ఖాళీ చోట, తెలుగులో, ఒక్కో అక్షరం గట్టిగా ఒత్తి, రాయడం మొదలుపెట్టాడు.